గడువు లేని మాత్ర: నిద్రమందుల చరిత్ర నేర్పే పాఠం

(స్మారకోపన్యాస పాఠం)

యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతికి అంకితమైన ఈ ఉపన్యాసానికి నిద్రమందులను విషయంగా ఎంచుకోవడం కొందరికి వింతగా తోచవచ్చు. ఆయన పేరు చెప్పగానే గుర్తొచ్చేవి ఫోలిక్ ఆమ్లం, బోదకాలుకు వాడే హెట్రజాన్, ఆరియోమైసిన్, వీటితోపాటు రక్తకేన్సరు మీద పనిచేసిన అమినోప్టెరిన్. నిద్రమందు ఒక్కటీ ఆ పట్టికలో లేదు. అయినా కారణం ఉంది. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్తకేన్సరు ఉన్న పిల్లలకు ఇచ్చి 1948లో ఫలితాలు ప్రకటించాడు. 16 మందిలో 10 మందికి మెరుగు కనిపించింది. అంతవరకు ఏ మందుకూ లొంగని జబ్బు అది. అయినా ఈ మేలు తాత్కాలికమేనని, మందుకు విషగుణం ఉందని ఆ తొలి నివేదికలోనే రాశారు. మందు ఏం చేస్తుందో, ఎన్నాళ్లు చేస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో మొదటే చెప్పడం ఔషధశాస్త్రం పాటించవలసిన కనీస మర్యాద. నిద్రమందుల చరిత్రలో ఆ మర్యాద పదే పదే తప్పింది. ప్రతి కొత్త మందునూ పాత మందు చేసిన హానితో పోల్చి, అది లేదు కనుక సురక్షితమన్నారు. కొత్త మందుకు తనదైన హాని ఏమిటో, కొన్ని వారాలు వాడి ఆపేస్తే ఏమవుతుందో ముందుగా చూడలేదు. కొద్ది రాత్రుల కోసం ఇచ్చిన మందు ఏళ్ల తరబడి నిలిచిపోవడంలోనే పెద్ద ప్రమాదం ఉందని, అందుచేత ఈ మందు ఎన్నాళ్లకు అన్న ప్రశ్న అన్నిటికంటే ముందు రావాలని ఈరోజు నా వాదం.

ముందుగా ఈ మందులు ఏం చేస్తాయో చూద్దాం. మెదడులో నాడీకణాలను ఉత్తేజపరిచే రసాయనాలతోపాటు వాటిని నెమ్మదింపజేసేవీ ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది గాబా. మెదడులో దాని ఉనికిని 1950లో గుర్తించారు. గాబా వచ్చి గ్రాహకానికి అంటుకోగానే ఒక సన్నని ద్వారం తెరుచుకుని క్లోరైడ్ అయాన్లు లోపలికి పోతాయి. ఆ కణం కాసేపు స్పందించదు. బార్బిట్యురేట్లు, డయాజెపామ్ కుటుంబం, జోల్పిడెమ్ ఈ ద్వారం దగ్గరే పనిచేస్తాయి, మద్యం కూడా కొంతవరకు అంతే. అందుకే వీటి ఫలితాలన్నీ ఒకే మెట్లవరుసలో ఉంటాయి: పై మెట్టు మీద బెంగ తగ్గడం, ఆ కింద మగత, నిద్ర, స్పృహ తప్పడం, అట్టడుగున ఊపిరి ఆగడం. ఏ మందు మనిషిని ఎంత సులువుగా ఎన్ని మెట్లు దించగలదన్న దానిలోనే తేడా. డయాజెపామ్ వంటివి గాబా చేసే పనిని బలపరుస్తాయే తప్ప తమంతట తాము ద్వారం తెరవలేవు. బార్బిట్యురేట్లు మోతాదు పెరిగితే గాబా లేకుండానే తెరవగలవు. మద్యమో, నల్లమందు జాతి నొప్పిమందో తోడైతే డయాజెపామ్ కూడా అట్టడుగుదాకా దించగలదు. మరో సంగతి, మెదడు చూస్తూ ఊరుకోదు. రోజూ బయటినుంచి అణచివేత వస్తుంటే తన స్పందనలను మార్చుకుని సర్దుకుంటుంది. కొన్నాళ్లకు అదే మోతాదు చాలకపోవడం ఇందువల్లే. అప్పుడు మందు హఠాత్తుగా ఆపితే అణచివేత తొలగి ఉత్తేజం ఒక్కటే మిగులుతుంది. నిద్ర పట్టదు, వణుకు, చెమట, భయం మొదలవుతాయి. కొందరికి ఫిట్స్ వస్తాయి, మతి చలిస్తుంది. ఎక్కువ మోతాదుకు అలవాటుపడ్డవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం కూడా పోవచ్చు.

ఆధునిక కాలంలో ఈ కథ బ్రోమైడ్‌తో మొదలవుతుంది. 1857లో లండన్ వైద్యుడు చార్లెస్ లోకాక్ పొటాషియం బ్రోమైడ్ కొన్ని రకాల మూర్ఛలను తగ్గిస్తుందని చెప్పాడు. త్వరలోనే అది నరాల అలజడికి, నిద్రలేమికి ఇంటింటి మందైంది. అయితే బ్రోమైడ్ ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది, సగం పోవడానికే సుమారు 12 రోజులు పడుతుంది. రోజూ చెంచాడు తాగేవాడి రక్తంలో అది పేరుకుపోయి మతిమరుపు, భ్రమలు, తడబాటు కలిగించేది. మందువల్ల వచ్చిన ఆ మతిభ్రమను పిచ్చిగా పొరబడి మానసిక వైద్యశాలల్లో చేర్చిన సందర్భాలు దశాబ్దాలపాటు కొనసాగాయి. 1869లో బెర్లిన్‌లో ఆస్కార్ లీబ్రైష్ క్లోరల్ హైడ్రేట్‌ను నిద్రమందుగా ప్రవేశపెట్టాడు. జర్మన్ రసాయనవేత్త లీబిగ్ దాన్ని తయారుచేసి అప్పటికి 37 ఏళ్లు. అది ఒంట్లో క్లోరోఫామ్‌గా మారుతుందని లీబ్రైష్ ఊహించాడు. ఊహ తప్పు, నిద్ర మాత్రం వచ్చింది. బ్రోమైడ్‌లా పేరుకుపోదు, త్వరగా పనిచేస్తుంది, ఇంకేం కావాలన్నారు. ఆంగ్ల కవి, చిత్రకారుడు రోసెట్టి వంటివారు ఏళ్ల తరబడి దానికి బానిసలయ్యాక గాని తెలియలేదు, త్వరగా పనిచేసే గుణమే త్వరగా అలవాటయ్యే గుణం కూడానని. ఈ క్లోరల్ హైడ్రేట్‌ను గుర్తుంచుకోండి. పందొమ్మిదో శతాబ్దపు ఈ మందు ఇరవయ్యొకటో శతాబ్దపు తెలంగాణలో మళ్లీ ఎదురవుతుంది.

బార్బిట్యురిక్ ఆమ్లాన్ని అడాల్ఫ్ ఫాన్ బాయర్ 1864లో తయారుచేశాడు. దానికి నిద్రపుచ్చే గుణం లేదు. 1903లో ఎమిల్ ఫిషర్, జోసెఫ్ ఫాన్ మెరింగ్ దాని అణువును కొద్దిగా మార్చి వెరొనాల్ అనే మందు తెచ్చారు. 1912లో ఫినోబార్బిటాల్ వచ్చింది, అదే ఏడాది ఆల్ఫ్రెడ్ హాప్ట్‌మన్ అది మూర్ఛరోగాన్ని అదుపు చేస్తుందని చూపాడు. ఈ ఉపకారం చిన్నది కాదు. వందేళ్లు దాటినా చవకైన ఫినోబార్బిటాల్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల పట్టికలో ఉంది. 1934లో థయోపెంటాల్ రాకతో రోగిని సెకన్లలో మత్తులోకి పంపడం సాధ్యమై, శస్త్రచికిత్స స్వరూపమే మారింది. అదే కుటుంబపు మాత్రలు పడకగదుల్లోకి చేరాక సంగతి వేరైంది. నిద్రపుచ్చే మోతాదుకూ ఊపిరి ఆపే మోతాదుకూ మధ్య ఎడం తక్కువ. పొరపాటునో కావాలనో ఎక్కువ మింగి చనిపోయినవారి లెక్క పెరిగింది. హాలీవుడ్ తారలు మార్లిన్ మన్రో 1962లో, జూడీ గార్లండ్ 1969లో అలాగే పోయారు. మన్రో దేహంలో బార్బిట్యురేట్‌తోపాటు క్లోరల్ హైడ్రేట్ కూడా దొరికింది. ఇక మానేస్తే ఏమవుతుంది? దాన్ని అమెరికాలో కెంటకీ రాష్ట్రపు లెక్సింగ్టన్‌లో హారిస్ ఇస్బెల్ బృందం స్వచ్ఛందంగా ముందుకొచ్చిన ఖైదీలపై పరీక్షించి 1950లో ప్రకటించింది. మందు ఆపగానే వారికి ఫిట్స్, సన్నిపాతం వచ్చాయి. ఖైదీలపై ఆనాటి ప్రయోగాలను నేటి నీతిశాస్త్రం ఒప్పుకోదు. ఆ పరీక్ష చెప్పిన నిజం మాత్రం తిరుగులేనిది. వెరొనాల్ బజారుకు వచ్చాక ఆ పరీక్షకు 47 ఏళ్లు పట్టిందన్నది ఇక్కడ గమనించవలసిన విషయం.

ఆ తరువాతి పదేళ్లలో బార్బిట్యురేట్ కాదు అన్న మాటే అమ్మకపు మంత్రమైంది. 1955లో మిల్‌టౌన్ పేరుతో వచ్చిన మెప్రోబమేట్ బెంగ తగ్గించే మందుగా అమెరికాను ఊపేసింది, దానికీ అలవాటుపడతారని తరువాత తేలింది. 1957 అక్టోబరులో పశ్చిమ జర్మనీలో గ్రూనెంతాల్ సంస్థ థాలిడొమైడ్‌ను విడుదల చేసింది. అది కూడా నిద్రమందుగానే వచ్చిందన్న సంగతి నేడు చాలామంది మరిచారు. ఎంత మింగినా ప్రాణం పోదన్నదే దాని గొప్ప. బార్బిట్యురేట్ చావులతో విసిగిన లోకానికి అంతకంటే మంచి వార్త ఏముంటుంది? అందుకే డాక్టరు చీటీ లేకుండానే అమ్మారు, గర్భిణుల వేవిళ్లకూ ఇచ్చారు. 1961 నవంబరులో మార్కెట్ నుంచి తీసేసేనాటికి వివిధ దేశాల్లో వేలమంది బిడ్డలు చేతులు, కాళ్లు సరిగా ఎదగకుండా పుట్టారు, ఆ సంఖ్య పదివేలకు పైగా ఉంటుందని అంచనా. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ అనే అధికారి నరాలు దెబ్బతింటున్నట్టు వచ్చిన వార్తలకు జవాబు చెప్పమంటూ అనుమతి ఆపి ఉంచడంవల్ల ఆ దేశం చాలావరకు తప్పించుకుంది. పాత హాని లేదు కనుక కొత్త హాని కూడా ఉండదన్న తర్కం ఎంత ప్రమాదకరమో ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ ఔషధ చరిత్రలో లేదు.

ఇదే కాలపు మరో కథకు మన దేశంతో, హైదరాబాదుతో సంబంధం ఉంది. 1951లో ఇంద్ర కిశోర్ కక్కర్, సయ్యద్ హుసేన్ జహీర్ మలేరియాకు మందు వెతుకుతూ మెథాక్వలోన్‌ను తయారుచేశారు. ఈ జహీర్ గారే హైదరాబాదులోని ప్రాంతీయ పరిశోధనశాలకు, అంటే నేటి ఐఐసీటీకి, తొలి డైరెక్టరు. తరువాత సీఎస్ఐఆర్ డైరెక్టర్ జనరల్ అయ్యారు. మెథాక్వలోన్ మలేరియాకు ఉపయోగపడలేదు. 1955లో లక్నోలో గుజ్రాల్ బృందం దాని నిద్రపుచ్చే గుణాన్ని కనుగొంది. 1965 నాటికి అమెరికాలో క్వాలూడ్, బ్రిటన్‌లో మాండ్రాక్స్ పేరుతో, మళ్లీ బార్బిట్యురేట్ కాని మందుగానే, దుకాణాలకెక్కింది. పదేళ్లు గడవకముందే అది యువతకు వినోదపు మత్తు అయింది. అమెరికా 1984లో పూర్తిగా నిషేధించింది. దక్షిణాఫ్రికాలో మాండ్రాక్స్ మాత్రను పొడిచేసి గంజాయితో కలిపి పీల్చే అలవాటు ఇప్పటికీ పోలేదు, అందుకు కావలసిన సరుకు మన దేశంలో దొంగచాటుగా తయారవుతూ వచ్చింది. 2016లో రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లో రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు సుమారు 23 టన్నుల మాండ్రాక్స్ పట్టుకున్నారు. శాస్త్రవేత్తలు మంచి ఉద్దేశంతో పుట్టించిన అణువు ఇది. దాని తరువాతి ప్రయాణానికి వారిని నిందించలేం. మందుల షాపులో నిషేధించినంత మాత్రాన ఒక మత్తు లోకంలోంచి పోదని ఆ ప్రయాణం చెబుతోంది.

ఇక డయాజెపామ్ కుటుంబం. పోలండ్ నుంచి వచ్చిన యూదు రసాయనవేత్త లియో స్టెర్న్‌బాక్ న్యూజెర్సీలోని రోష్ ప్రయోగశాలలో పక్కన పెట్టేసిన ఒక పదార్థాన్ని 1957లో చివరిసారిగా పరీక్షకు పంపించాడు. అది 1960లో లిబ్రియం (క్లోర్‌డయాజెపాక్సైడ్) అయింది. 1963లో వేలియం, అంటే డయాజెపామ్, వచ్చింది. ఇది నిజమైన ముందడుగు. ఒంటరిగా ఎక్కువ మింగినా ప్రాణం పోవడం అరుదు కనుక బార్బిట్యురేట్ చావులు తగ్గాయి. ఆ మేలును నేను కాదనడం లేదు. ఆ మేలే పాత పొరపాటుకు ముసుగైందని మాత్రం అంటున్నాను. 1961లోనే లియో హాలిస్టర్ బృందం లిబ్రియం ఎక్కువ మోతాదులో వాడిన 11 మందికి వారికి తెలియకుండా మందు ఆపి చూసింది. 10 మందికి కొత్త బాధలు వచ్చాయి, ఇద్దరికి ఫిట్స్ వచ్చాయి. మందు వచ్చిన ఏడాదికే నిజం అచ్చయిందన్నమాట. ఎక్కువ మోతాదు వల్లనే అలా జరిగిందని, మామూలు మోతాదుతో భయం లేదని అందరూ ఊరట చెందారు. వేలియం అమెరికాలో ఏళ్లపాటు అన్నిటికంటే ఎక్కువగా రాసిన మందైంది. 1981లో లండన్‌లో మాల్కం లేడర్, పెటూర్సన్ మామూలు మోతాదుకూ మనిషి అలవాటుపడతాడని చూపారు. న్యూకాజిల్‌లో హెదర్ ఆష్టన్ 1982 నుంచి 12 ఏళ్లు ఈ మందులు మాన్పించే క్లినిక్ నడిపి, మోతాదును నెలల తరబడి కొద్దికొద్దిగా ఎలా తగ్గించాలో రాసిపెట్టింది. 1988లో బ్రిటన్ మందుల భద్రతా సంఘం రెండు నుంచి నాలుగు వారాలకు మించి వాడవద్దంది. అమెరికా నియంత్రణ సంస్థ ఈ కుటుంబపు మందులన్నిటి పెట్టెల మీద అలవాటు గురించిన తీవ్ర హెచ్చరిక వేయించింది 2020లో, లిబ్రియం వచ్చిన అరవై ఏళ్లకు.

ఇంత చెప్పి ఈ మందులను దయ్యాలుగా చూపితే అది కూడా అశాస్త్రీయమే. ఆగకుండా ఫిట్స్ వస్తున్న బిడ్డకు లొరాజెపామ్ గాని మిడజొలామ్ గాని నిమిషాల్లో అందకపోతే మెదడు దెబ్బతింటుంది. మద్యం మానేసి వణుకుతున్నవాణ్ణి సన్నిపాతం నుంచి కాపాడేది క్లోర్‌డయాజెపాక్సైడే. ధనుర్వాతపు బిగువులకు, పురుగుమందు తాగినవారికి వచ్చే ఫిట్స్‌కు డయాజెపామ్ మన జిల్లా ఆస్పత్రుల్లో రోజూ అక్కరకొస్తుంది. ఆపరేషన్ ముందు, ఐసీయూలో వెంటిలేటర్ మీద ఇవి లేకుండా గడవదు. ఆప్తులు పోయిన వారంలో నిద్రకు దూరమైనవారికి నాలుగు రాత్రుల మాత్ర ఇవ్వడంలోనూ తప్పు లేదు. ఈ ఉపయోగాల్లో చాలావాటికి ఒక మొదలు, ఒక చివర ఉన్నాయి. ఫిట్స్ ఆగితే మందు ఆగుతుంది, రోగి కోలుకుంటే మత్తు తీసేస్తారు. ఏళ్ల తరబడి వాడే ఫినోబార్బిటాల్‌కు కూడా లెక్కగా కొలిచిన మోతాదు, వైద్యుడి నిఘా ఉంటాయి. చివర ఎప్పుడో చెప్పని, ఎవరూ మళ్లీ అడగని చీటీ దగ్గరే ఈ మందులు దారి తప్పుతాయి.

అలవాటు చేయని నిద్రమందు దొరికిందన్న ఆశ 1980ల చివర జోల్పిడెమ్‌తో మళ్లీ చిగురించింది. అమెరికాలో 1992లో అనుమతి పొందాక దాదాపు ఇరవై ఏళ్లు ఆడవారికీ మగవారికీ ఒకే మోతాదు ఇచ్చారు. ఆడవారి శరీరం దాన్ని నెమ్మదిగా వదిలించుకుంటుందని, పొద్దున కారు నడిపేవేళకూ రక్తంలో మిగిలి ఉంటుందని తేలాక 2013లో వారి మోతాదు 10 మిల్లీగ్రాముల నుంచి 5కు తగ్గించమన్నారు. నిద్రలోనే లేచి నడవడం, వండటం, కారు నడపడం, మరునాడు అదేదీ గుర్తులేకపోవడం చూసి 2019లో తీవ్ర హెచ్చరిక చేర్చారు. 2014 నుంచి ఒరెక్సిన్ అనే మేల్కొలిపే రసాయనాన్ని అడ్డుకునే మందులు వస్తున్నాయి. ఇవి గాబా ద్వారం దగ్గర పనిచేయవు, మానేసినప్పటి బాధలు చాలా తక్కువని ఇప్పటి పరీక్షలు చెబుతున్నాయి. ఈసారి మాట నిజమే కావచ్చు. గత చరిత్ర తెలిసినవారు మాత్రం పాత హాని లేదన్న సమాధానంతో తృప్తిపడరు, ఏళ్ల వాడకం మీద లెక్కలు చూపమని అడుగుతారు.

మన నేల మీది సాక్ష్యం ఇంకా గట్టిది. తెలంగాణ పల్లెల్లో, హైదరాబాదు కల్లు కాంపౌండ్లలో చాలాకాలంగా అమ్ముడవుతున్న మందు కల్లులో చెట్టు కల్లు పాలు కొంతే. చాలాచోట్ల అది నీళ్లు, చక్కెర, వాటిలో కలిపిన క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, దాని కుటుంబపుదే అయిన అల్ప్రాజోలం. అంటే 1869 నాటి మందూ, 1963 నాటి మందూ ఒకే సీసాలో చేరి, చీటీ లేకుండా, మోతాదు తెలియకుండా, జీవితకాలం పాటు కూలివాడి గొంతులోకి దిగుతున్నాయి. 2015 సెప్టెంబరులో ఆబ్కారీ అధికారులు కల్తీపై దాడులు పెంచారు. ఉద్దేశం మంచిదే. సరఫరా ఆగిన కొద్దిరోజుల్లోనే నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల్లో వందలమంది వణుకు, ఫిట్స్, మతిచలనంతో ఆస్పత్రులకు చేరారు. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాల వారితో నిండింది. లెక్సింగ్టన్‌లో కొద్దిమందిపై చూసినదాన్ని ఇక్కడ జిల్లాలకు జిల్లాలే అనుభవించాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు దుకాణాలు మూతపడ్డప్పుడు కూడా ఎర్రగడ్డకు ఇలాంటి రోగులు పోటెత్తారు. 2025 జూలైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. ఈ మందుల ప్రమాదం కేవలం సంపన్నుల పడకగదులదని, పాశ్చాత్యుల జబ్బని అనుకునేవారికి ఇదే జవాబు.

ఈ వాదానికి వచ్చే అభ్యంతరాలు తేలికైనవి కావు. నిద్రలేమి కూడా జబ్బే, అది మనిషిని తొలిచేస్తుంది, మందు నిరాకరించడం క్రూరత్వం కాదా అని అడుగుతారు. సబబైన ప్రశ్నే. కాని మందు లేకపోతే చికిత్సే లేదన్న ఊహ తప్పు. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ అనే వైద్యుల సంఘం 2016లో దీర్ఘకాలపు నిద్రలేమికి మొదట ఇవ్వవలసింది ప్రవర్తనా చికిత్సేనని సిఫార్సు చేసింది. పడక మీద గడిపే వేళను కుదించడం, లేచే వేళను స్థిరపరచడం, నిద్ర గురించిన భయాన్ని తగ్గించడం అందులోని అంశాలు. మాత్ర ఆపగానే దాని మేలు ఆగిపోతుంది, ఈ చికిత్స మేలు తరువాతా కొనసాగుతుంది. మన దగ్గర నేర్పేవారు తక్కువన్నది నిజం. అది నేర్పేవారిని పెంచడానికి కారణమవుతుంది గాని మాత్రలు పెంచడానికి కాదు. మరికొందరు, ఏళ్ల తరబడి చిన్న మోతాదు వాడుతూ హాయిగా ఉన్నవారు లక్షలమంది ఉన్నారంటారు. ఉన్నారు. మతిమరుపు జబ్బుతో ఈ మందులకు ముడిపెట్టే అధ్యయనాలు కూడా నిర్ణయాత్మకమైనవి కావు. ఆ జబ్బు తొలిదశలోనే నిద్ర చెడుతుంది కనుక ఏది కారణమో, ఏది ఫలితమో విడదీయడం కష్టం. అయితే ముసలివారు ఈ మాత్రలతో తూలిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం గురించి అంత సందేహం లేదు. ఏళ్లుగా వాడుతున్నవారి దగ్గర మందు లాక్కోమని కూడా నేననను. తెలంగాణ అనుభవం హెచ్చరించేది అలాంటి తొందరపాటు గురించే.

చట్టం బిగిస్తే చాలుననేవారున్నారు. అల్ప్రాజోలం, డయాజెపామ్ 1985 నాటి మత్తుమందుల చట్టం కిందికి వస్తాయి. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న హెచ్1 షెడ్యూలు ప్రకారం దుకాణదారు డాక్టరు పేరు, రోగి పేరు, ఇచ్చిన పరిమాణం రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. కాగితం మీద ఇది చాలినంత కట్టుదిట్టమే. లోపం ఏమిటంటే ఎవరికి, ఎంత అన్నది ఆ రిజిస్టరు నమోదు చేస్తుంది గాని, ఇదే రోగికి ఇది ఎన్నో నెల అన్నది ఎవరూ కూడి చూడరు. పాత చీటీతోనే మళ్లీ మళ్లీ కొనడం, చీటీయే లేకుండా పరిచయం మీద కొనడం మనందరికీ తెలిసినవే.

కాబట్టి నేను కోరేది నిషేధం కాదు, గడువు. నిద్రమాత్ర రాసిన ప్రతి చీటీ మీద మోతాదు పక్కనే ఆపవలసిన తేదీ రాయాలి, నాలుగు వారాలు దాటితే కారణం రాయాలి. కొత్త నిద్రమందుకు అనుమతి ఇచ్చేముందు, అది నిద్రపుచ్చుతుందని చూపే పరీక్షతోపాటు, కొన్ని నెలలు వాడి ఆపినప్పుడు ఏం జరిగిందో చూపే పరీక్షనూ నియంత్రణ సంస్థలు తప్పనిసరి చేయాలి. ఇప్పటికే అలవాటుపడ్డవారికి మోతాదు మెల్లమెల్లగా తగ్గించే సేవ జిల్లా ఆస్పత్రిలో ఉండాలి. కల్తీ కల్లుపై దాడి జరిగే ప్రాంతంలో ఆబ్కారీ జీపుతోపాటు వైద్యబృందం కూడా ముందుగానే చేరాలి, లేకపోతే కల్తీని ఆపిన చర్యే ప్రాణాలు తీస్తుంది. వైద్యవిద్యలో మందు మొదలుపెట్టడం ఎంత శ్రద్ధగా నేర్పుతామో, ఆపడం కూడా అంతే శ్రద్ధగా నేర్పాలి. వీటిలో ఏదీ కొత్త ఆవిష్కరణ కోసం ఆగనక్కరలేదు. హాలిస్టర్ 1961లో చూపినదాన్ని, ఆష్టన్ తన క్లినిక్‌లో పాటించినదాన్ని పాలనలోకి, చీటీలోకి తెస్తే చాలు. నూట అరవై ఏళ్లుగా మరింత సురక్షితమైన నిద్రమందు కోసం వెతికి, కొంతవరకు సాధించాం. ఇకమీద దాన్ని సురక్షితంగా ముగించే పద్ధతిని కూడా అంతే పట్టుదలతో సాధించవలసి ఉంది.